పండు ఈగకు మొక్కల వాసన ఎర

మామిడి, జామ కొమ్మలకు, కాకర, బీర పందిళ్ల గుంజలకు వేలాడే చిన్న ప్లాస్టిక్ డబ్బాను మన రైతులు లింగాకర్షక బుట్ట అంటారు. పత్తిలో, శనగలో పచ్చపురుగు కోసం పెట్టే బుట్టకూ అదే పేరు. రెండూ ఒకటే అనుకోవడం సహజం కానీ లోపల జరిగే పని వేరు. పచ్చపురుగు బుట్టలో ఉండేది ఆడ రెక్కలపురుగు విడిచే వాసనకు నకలు. పండు ఈగ డబ్బాలో ఉండేది ఏ ఈగ వాసనా కాదు. అది తులసిలోను, రేలపూలలోను, కొన్ని ఆర్కిడ్లలోను పుట్టే మొక్కల వాసన. మగ ఈగ ఆడదాన్ని వెతుక్కుంటూ ఆ డబ్బాలోకి రాదు. ఆడదాన్ని మెప్పించడానికి కావలసిన సరుకు కోసం వస్తుంది. ఈ ఎరల బలమూ బలహీనతా రెండూ ఈ ఒక్క విషయంలోనే ఉన్నాయి.

అరటిపండు మగ్గితే వంటింట్లో మూగే చిన్న ఈగలు వీటి సంగతిలోకి రావు. అవి డ్రోసోఫిలా జాతివి, ఎక్కువగా కుళ్లిన పండు మీద బతికేవి. పంటను పాడుచేసే పండు ఈగలు టెఫ్రిటిడే కుటుంబానివి. మామూలు ఈగంత సైజులో, కందిరీగను తలపించే పసుపు గోధుమ రంగు చారలతో ఉంటాయి. ఆడ ఈగ పొట్ట చివర సూదిలాంటి అవయవం ఉంటుంది. పక్వానికి వస్తున్న కాయ తొక్కలో దాన్ని గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. పైకి సూదిమొనంత చుక్క తప్ప ఏమీ కనిపించదు. పిల్లపురుగులు గుజ్జును తింటూ పెరిగి, కాయ రాలాక మట్టిలోకి దిగి ప్యూపా దశకు చేరతాయి. వేసవి వేడిలో గుడ్డు నుంచి రెక్కల ఈగ దాకా నెల కూడా పట్టదు. మందు కొడితే పురుగు చావకపోవడానికి కారణం ఇదే. గుడ్డూ పురుగూ కాయలో, ప్యూపా మట్టిలో, మందు మాత్రం ఆకు మీద.

మన దేశంలో మామిడి, జామ, సపోటా మీద బాక్ట్రోసెరా డోర్సాలిస్, బాక్ట్రోసెరా జొనాటా, బాక్ట్రోసెరా కరెక్టా అనే మూడు జాతులు ముఖ్యమైనవి. తీగజాతి కూరగాయల మీద పడేది జూగోడాకస్ కుకుర్బిటే. పాత పుస్తకాల్లో ఇది బాక్ట్రోసెరాగానో డాకస్‌గానో కనిపిస్తుంది, జూగోడాకస్ అన్న ప్రజాతి పేరు ఖాయమైంది 2015లో. లేత బీరకాయ, కాకరకాయ ఒకవైపు వంకర తిరిగి గిడసబారిందంటే ఎక్కువసార్లు ఈ ఈగ గుచ్చిన గుర్తే. మామిడిలో ఈగ ఉద్ధృతి కాయ పక్వానికి వచ్చేకొద్దీ పెరుగుతుంది. అందుకే ముందుగా కోతకు వచ్చే కాయ కంటే రోహిణి, మృగశిర కార్తెల దాకా చెట్టు మీద నిలిచిన కాయకు ముప్పు ఎక్కువ.

తోటలో పోయే కాయ ఒక నష్టం. రేవులో పోయే బేరం అంతకంటే పెద్దది. ఒక్క పురుగు కనిపించినా దిగుమతి చేసుకునే దేశం సరుకంతా తిప్పి పంపగలదు. 2014 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ మన మామిడితో పాటు వంకాయ, చేమ, కాకర, పొట్లకాయలను ఆపేసింది, మామిడి మీద నిషేధం 2015లో తొలగింది. జపాన్ సుమారు రెండు దశాబ్దాలు మూసి ఉంచిన తలుపును 2006లో తెరిచినప్పుడు అనుమతి పొందిన రకాల్లో మన బంగినపల్లి ఉంది, కాయను వేడి ఆవిరిలో ఉంచి లోపలి గుడ్లను చంపాలన్న షరతుతో. అమెరికాకు 2007 నుంచి వెళ్తున్న మామిడికి వికిరణ చికిత్స తప్పనిసరి. ఈ ఖర్చంతా సూదిమొనంత చుక్క తెచ్చిపెట్టిందే.

పూసాలో దొరికిన వాసన

ఈ ఎర చరిత్ర మన గడ్డ మీదే మొదలైంది. బీహార్‌లోని పూసాలో అప్పటి ఇంపీరియల్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఉండేది (1934 భూకంపం తర్వాత దాన్ని ఢిల్లీకి మార్చారు, అక్కడి పూసా అన్న పేరు ఆ జ్ఞాపకమే). అందులో కీటక శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన ఫ్రాంక్ మిల్‌బర్న్ హౌలెట్ ఒక వింత గమనించాడు. దోమలను తరమడానికి వాడే సిట్రొనెల్లా నూనె చుట్టూ పండు ఈగలు గుంపుగా మూగుతున్నాయి. పట్టి చూస్తే అన్నీ మగవే. 1912లో దాన్ని ప్రచురించాడు. సిట్రొనెల్లా మన నిమ్మగడ్డికి దగ్గరి చుట్టం, దాని నూనెలో పదుల కొద్దీ పదార్థాలుంటాయి. వాటిని విడదీసి ఒక్కొక్కటీ ఈగల ముందు పెట్టి చూసి, మూడేళ్ల తర్వాత 1915లో పిలిచే పదార్థం మిథైల్ యూజినాల్ అని తేల్చాడు. లవంగానికి ఆ వాసన ఇచ్చే యూజినాల్‌కు ఇది చాలా దగ్గరి అణువు.

దోమను పొమ్మనే నూనె ఈగను రమ్మనడం దగ్గర కథ ఆగిపోయి ఉండవచ్చు. హౌలెట్ 1920లోనే చనిపోయాడు. ఆయన కనిపెట్టినదాన్ని పంట రక్షణకు పెద్ద ఎత్తున వాడినది హవాయిలో. రెండో ప్రపంచ యుద్ధం చివర డోర్సాలిస్ ఈగ అక్కడికి చేరి పండ్లను ధ్వంసం చేయసాగింది. అక్కడి అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞుడు లోరెన్ స్టైనర్ 1950ల మొదట్లో మిథైల్ యూజినాల్‌కు పురుగుమందు కలిపి పెడితే వచ్చిన మగ ఈగ తిరిగి పోదని చూపించాడు. ఆయన పేరుతోనే ఉన్న అడ్డంగా వేలాడే గొట్టం డబ్బాను ఇప్పటికీ ఎన్నో దేశాల్లో వాడుతున్నారు.

మగ ఈగకు ఎందుకంత ఆశ

ఈ పిచ్చి ఎందుకో చాలాకాలం తెలియలేదు. ఆడ ఈగ వాసనను పోలి ఉంటుందేమో, మగది భ్రమపడి వస్తుందేమో అని మొదట అనుకున్నారు. ఆ ఊహ తప్పు. మగ ఈగ ఆ పదార్థం మీద వాలి నాకి మింగుతుంది. ఎంతసేపు తింటుందంటే, మందు కలపకపోతే పొట్ట నిండేదాకా అక్కడే కూర్చుంటుంది. మలేషియా, జపాన్ పరిశోధకులు, ముఖ్యంగా కెంగ్ హాంగ్ టాన్, రిత్సువో నిషిదా, తర్వాత ఏం జరుగుతుందో వెంటపడి చూశారు. ఈగ శరీరంలో మిథైల్ యూజినాల్ రెండు కొత్త పదార్థాలుగా మారి, మలద్వారం దగ్గరున్న గ్రంథిలో నిల్వ అవుతుంది. పొద్దువాలే వేళ మగ ఈగలు చెట్ల ఆకుల మీద గుంపుగా చేరి, రెక్కలు వేగంగా ఆడిస్తూ ఆ పరిమళాన్ని గాలిలోకి వదులుతాయి. ఆడ ఈగ దాన్ని పసిగట్టి వస్తుంది.

అంటే ఉదయం పూట సేకరించిన అత్తరు సాయంత్రానికి పనికొస్తుందన్నమాట. ఎర వైపు మగ ఈగల రాక కూడా ఉదయమే జోరుగా ఉంటుంది. హవాయిలో టాడ్ షెల్లీ చేసిన ప్రయోగాల్లో, ఒక్కసారి మిథైల్ యూజినాల్ తిన్న మగ ఈగలు తినని వాటి కంటే ఎక్కువగా జతకట్టగలిగాయి. ఆ ఆధిక్యం నెల దాటినా పోలేదు. ఇంత లాభం ఉన్న వస్తువు కోసం వందల మీటర్ల దూరం ఎగిరి రావడంలో వింతేముంది?

మొక్క వైపు నుంచి చూస్తే బల్బోఫిల్లం ఆర్కిడ్ల పద్ధతి ముచ్చటైనది. ఆగ్నేయాసియా అడవుల్లో పెరిగే ఈ పూలలో తేనె ఉండదు. బల్బోఫిల్లం చీరి పువ్వు మిథైల్ యూజినాల్‌నే బహుమతిగా పెడుతుంది. ఈగ వచ్చి పువ్వు పెదవి మీద వాలి నాకుతుంది. ఆ పెదవి మడతబందు మీద ఆడే తలుపులాంటిది. ఈగ బరువుకు అది ఒక్కసారిగా తిరగబడుతుంది, ఈగ వీపు పువ్వు మధ్య స్తంభానికి తగులుతుంది, పుప్పొడి ముద్ద వీపుకు అంటుకుంటుంది. మరో జాతి బల్బోఫిల్లం అల్లంలో దొరికే జింజెరోన్‌ను వెదజల్లుతుంది. దానికి మామిడి ఈగా కూరగాయల ఈగా రెండూ వస్తాయి.

మన కళ్లముందున్న ఉదాహరణలు ఇంకా దగ్గరివి. ఎండాకాలంలో పసుపుపచ్చ గుత్తులతో ఊగే రేలచెట్టు పూలకు మగ పండు ఈగలు వస్తాయి. ఆ పూలలో పిలిచేది మిథైల్ యూజినాలే అని 1968లో నిర్ధారించారు. తులసి ఆకు నూనెలోనూ అది ఉంటుంది, ఎంత ఉంటుందన్నది మొక్కను బట్టి, నేలను బట్టి మారుతుంది. తులసి ఆకులు దంచి, రసంలో కాస్త పురుగుమందు కలిపి కొబ్బరిచిప్పల్లో పోసి తోటలో వేలాడదీసే పద్ధతి దక్షిణ భారతంలో ఉంది. ఈగలు వస్తాయి, అబద్ధం కాదు. అయితే రసం రెండు మూడు రోజుల్లో ఎండి వాసన పోతుంది, డబ్బాలోని దిమ్మె మాత్రం నెలల తరబడి పనిచేస్తుంది. డబ్బు లేనప్పుడో, ఇంటి పెరట్లో రెండు జామచెట్లకో తులసి చిప్ప చాలు. పదెకరాల తోటకు అది ఓపికకు పరీక్ష.

ఏ ఈగకు ఏ ఎర

మిథైల్ యూజినాల్ అన్ని పండు ఈగలనూ పిలవదు. డోర్సాలిస్, జొనాటా, కరెక్టా మూడూ దానికి వస్తాయి కనుక మామిడి, జామ తోటలకు అది సరిపోతుంది. తీగ కూరగాయల ఈగ దాని ముఖం చూడదు. దానికి క్యూ లూర్ కావాలి. ఇది 1960 ప్రాంతంలో ప్రయోగశాలలో తయారైన పదార్థం. తేమకు విడిపోయి రాస్ప్‌బెర్రీ కీటోన్ అవుతుంది, ఈ కీటోన్ మాత్రం రాస్ప్‌బెర్రీ పండులోను కొన్ని ఆర్కిడ్ పూలలోను సహజంగానే ఉంది. ఆస్ట్రేలియాను వేధించే క్వీన్స్‌లాండ్ పండు ఈగ కూడా క్యూ లూర్ జాతిదే. మామిడి ఎరను కాకర పందిరిలో కట్టి, ఈగలు పడ్డాయి గదా అని తృప్తిపడడం తరచుగా జరిగే పొరపాటు. పక్క తోటలోని మామిడి ఈగలు వచ్చి పడతాయి, కాకర ఈగ కాకరలోనే ఉంటుంది.

మధ్యధరా పండు ఈగ మన దేశంలో స్థిరపడలేదు కానీ దాని ఎర కథ చెప్పుకోదగింది. 1956లో ఈ ఈగ ఫ్లోరిడాలో కనిపించినప్పుడు ఏంజెలికా అనే మొక్క గింజల నూనె దాని మగవాటిని బాగా లాగుతుందని తేలింది. వేల డబ్బాలకు ఆ నూనె పోశారు, దొరికిన నూనె దొరికినట్టే ఖర్చయిపోయింది. ఆ కొరత వల్లే రసాయన శాస్త్రజ్ఞులు కృత్రిమ ఎర కోసం పరుగెత్తి ట్రైమెడ్‌లూర్ దాకా వచ్చారు. ఏంజెలికాలోని గుట్టు ఆల్ఫా కోపెయిన్ అనే పదార్థం. అల్లం నూనెలోనూ అది ఉంది. ఇప్పుడు కొన్ని దేశాల్లో సంతాన శక్తి తీసేసిన మగ ఈగలను వదిలే ముందు వాటికి అల్లం నూనె వాసన పట్టిస్తున్నారు. పెళ్లికొడుక్కి అత్తరు పూసి పంపినట్టే, అలాంటి మగవే అడవి ఆడ ఈగలతో బాగా జతకడతాయి.

డబ్బా తయారీ

ఎర సరళమైనది కాబట్టే ఊళ్లోనూ చేసుకోగలిగారు. రెండంగుళాల చదరపు ప్లైవుడ్ ముక్కను ఆల్కహాలు, మిథైల్ యూజినాల్ లేదా క్యూ లూర్, మలాథియాన్ కలిపిన ద్రావణంలో ఒకటి రెండు రోజులు నానబెట్టడం మన పరిశోధన సంస్థలు ప్రచారం చేసిన పద్ధతి. ఆ మూడింటి పాలు 6:4:1. చెక్క దాన్ని పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది. ఖాళీ నీళ్ల సీసా పైభాగాన ఈగ దూరేంత రంధ్రాలు నాలుగు చేసి, లోపల తీగతో ఈ ముక్కను వేలాడదీస్తే చాలు. బజారులో దొరికే డబ్బా పని కూడా ఇంతే, వాన నీరు పడని మూత ఒకటి అదనం. తీగకు కాస్త గ్రీజు పూయకపోతే చీమలు దిగి చచ్చిన ఈగలను మోసుకుపోతాయి, లెక్క తప్పుతుంది.

డబ్బాను ఎండ నేరుగా తగలని కొమ్మకు, మనిషి ఛాతీ ఎత్తులో కట్టాలి. మామిడికి ఎకరానికి నాలుగు, తీగ కూరగాయలకు పది దాకా పెట్టమని సాధారణంగా చెబుతారు. మామిడిలో కోతకు నెలన్నర రెండు నెలల ముందే పెట్టి, రెండు నెలలకోసారి దిమ్మె మార్చాలి. పాత కరపత్రాల్లో మలాథియాన్‌కు బదులు డైక్లోర్వాస్ పేరు కనిపిస్తుంది. దాన్ని మన దేశంలో 2020 చివరి నుంచి నిషేధించారు, కాబట్టి ఆ కరపత్రం ఎంత పెద్ద సంస్థదైనా ఇక పనికిరాదు.

దిమ్మెలను వట్టి చేతులతో ముట్టుకోవద్దు. పురుగుమందు సంగతి అటుంచినా, మిథైల్ యూజినాల్ కూడా నిరపాయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2023లో దాన్ని మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించగల పదార్థాల జాబితాలో చేర్చింది. తులసి ఆకు నమిలితే ప్రమాదమని దీనర్థం కాదు. సీసాలోని శుద్ధ పదార్థం వేరు, ఆకు వేరు.

సీసా నిండింది, కాయ మిగిలిందా

కొత్తగా డబ్బా కట్టిన రైతు మొదటి వారంలోనే సీసాలో వందల ఈగలు చూసి సంబరపడతాడు. కోతలో మళ్లీ పురుగు కనిపిస్తే ఎర మోసం అంటాడు. మోసం ఎరలో లేదు, లెక్కలో ఉంది. చచ్చినవన్నీ మగవి. గుడ్లు పెట్టేది ఆడది. ఒక మగ ఈగ చాలా ఆడ ఈగలతో జతకడుతుంది కనుక, వంద మగవాటిలో తొంభై పోయినా మిగిలిన పది ఊరికి సరిపోతాయి. దాదాపు అన్నీ పోతే తప్ప ఆడ ఈగలు గొడ్డువి కావు. పైగా పక్క తోటలో ఇప్పటికే జతకట్టిన ఆడ ఈగ గట్టు దాటి వస్తుంది, దానికి మన ఎరతో పనే లేదు.

అందుకే ఒక్క తోటలోని డబ్బాను చికిత్స అనుకోవడం కంటే కబురు అనుకోవడం మంచిది. డబ్బాకు రోజుకు ఎన్ని ఈగలు పడుతున్నాయో వారం వారం రాసుకుంటే, ఉద్ధృతి ఎప్పుడు మొదలైందో, కోత ముందుకు జరపాలో లేదో తెలుస్తుంది. ఆ కబురు విని చేయవలసిన పనులు పాతవే. రాలిన కాయను రోజూ ఏరి లోతుగా పాతిపెట్టడం లేదా బిగించిన ప్లాస్టిక్ సంచిలో ఎండకు వదలడం, చెట్ల కింద దున్ని ప్యూపాలను ఎండకు పక్షులకు అప్పగించడం, బెల్లం నీళ్లలో మందు కలిపి చెట్టు మొదలు మీద అక్కడక్కడ చల్లడం. రాలిన కాయ ఏరడం అన్నిటికంటే చవక, అన్నిటికంటే అరుదు. గుత్తకు తీసుకున్నవాడు కోతతో వెళ్లిపోతాడు, యజమాని మళ్లీ పూత దాకా తోట వైపు చూడడు, ఈగ మాత్రం అక్కడే ఉంటుంది.

ఊరంతా, ద్వీపమంతా కలిసి చేస్తే ఇదే ఎర వేరే పని చేస్తుంది. పసిఫిక్‌లోని రోటా ద్వీపం మీద 1960ల మొదట్లో స్టైనర్ బృందం మిథైల్ యూజినాల్, పురుగుమందు పీల్చిన చిన్న అట్టముక్కలను విమానం నుంచి చల్లింది. మగ ఈగలు పూర్తిగా అంతరించాయి, వాటితో ఆ ద్వీపం మీద డోర్సాలిస్ కూడా. జపాన్ ఆ పద్ధతిని అమామి దీవుల్లో 1968లో మొదలుపెట్టి, దక్షిణాన ఒకినావా, యాయెయామా దాకా ఒక్కో దీవిని శుభ్రం చేసుకుంటూ 1986 నాటికి ముగించింది. పద్దెనిమిదేళ్ల పట్టుదల అది. వీటన్నిటికీ చుట్టూ సముద్రమే కంచె. నూజివీడుకో చిత్తూరుకో జగిత్యాలకో ఆ కంచె లేదు. అక్కడ కనీసం పక్కపక్క తోటల వాళ్లంతా ఒకే వారంలో డబ్బాలు కడితేనే ఫలితం కనిపిస్తుంది.

కొత్త నేలకు చేరిన ఈగను పసిగట్టడంలో మాత్రం ఈ డబ్బాకు సాటి లేదు. 2003లో కెన్యాలో కనిపించిన కొత్త ఈగ ఆఫ్రికా మామిడిని చుట్టబెట్టింది. 2005లో దానికి ఆక్రమించేది అని అర్థమొచ్చే ఇన్వాడెన్స్ పేరు పెట్టారు, పదేళ్ల తర్వాత అది మన డోర్సాలిసేనని తేల్చారు. కాలిఫోర్నియాలో ఈ ఎర డబ్బాలు ఏటా కాపలా కాస్తాయి. 2024 మొదట్లో అక్కడి రెడ్‌లాండ్స్ పట్టణంలో డోర్సాలిస్‌ను ఆపడానికి రెండు వేల పైచిలుకు ఇళ్ల పెరళ్లలో పండ్లన్నీ కోసేశారు. ఇండియా నుంచి వెళ్లేటప్పుడు సూట్‌కేసులో నాలుగు జామకాయలు సర్దుకోవాలనుకునేవారు గుర్తుంచుకోవలసిన ఊరు అది.

ఆడ ఈగ కోసం

మగవాటి మీద ఇంత బలమైన ఎర దొరికాక ఆడవాటికి ఎందుకు దొరకలేదు? ఆడ ఈగకు కావలసినవి రెండే, గుడ్లు తయారు కావడానికి మాంసకృత్తులు, అవి పెట్టడానికి కాయ. కుళ్లిన ఈస్టు, మాంసకృత్తుల ద్రావణం మీద కట్టిన ఎరలు మొదటి ఆకలి మీద పనిచేస్తాయి. వాటి లాగుడు కొద్ది మీటర్లే, ఇతర ఈగలూ వచ్చి పడతాయి. రెండో ఆకలి మీద ఆశ పెట్టుకున్నవే కాయ వాసన ఎరలు. ఆపిల్ పండు ఈగ విషయంలో అమెరికాలో అది ఫలించింది. ఆపిల్ వాసనలోని బ్యూటైల్ హెక్సనోయేట్‌ను, జిగురు పూసిన ఎర్రటి బంతి పక్కన పెడితే ఆడ, మగ రెండూ వస్తాయి. బంతి రంగూ గుండ్రతనమూ కూడా ఎరలో భాగమే. హవాయిలో దోసకాయ వాసనలోని పదార్థాలను కలిపి కూరగాయల ఆడ ఈగకు ఎర తయారు చేశారు. అది వస్తుంది, కానీ మగ ఈగ మిథైల్ యూజినాల్ వైపు దూకినట్టు కాదు. కాయలు కాసిన పాదు మధ్యలో దోసకాయ వాసన ఒకటి ఎక్కువైతే ఆడ ఈగకు తేడా ఏముంటుంది?

మగ ఎరలకూ హద్దులున్నాయి. మిథైల్ యూజినాల్‌కు కొన్ని జాతుల పచ్చ రెక్కల లేస్‌వింగ్ పురుగులు కూడా వచ్చి చస్తాయి. లేస్‌వింగ్‌ల పిల్లపురుగులు పేనుబంకను తిని మనకు మేలు చేసేవి. షెల్లీ ప్రయోగశాలలో ఎరకు రాని మగవాటినే తరతరాలు పెంచి, రానితనం పెరగగలదని చూపించాడు.

అసలు ఎరే లేని ఈగలూ ఉన్నాయి. దోస, కాకర మీదే పడే డాకస్ సిలియాటస్ అనే ఈగ క్యూ లూర్‌కూ రాదు, మిథైల్ యూజినాల్‌కూ రాదు. రేగుపండు ఈగదీ అదే తీరు. భోగినాడు పిల్లల తల మీద పోసే రేగుపళ్లు కొరికితే లోపల కనిపించే తెల్లపురుగు ఎక్కువగా దానిదే. రేగు తోట ఉన్నవాళ్లు ఇప్పటికీ చెట్టు కింది మట్టిని పార పెట్టి తిరగేసి, దాక్కున్న ప్యూపాలను ఎండకు వేస్తున్నారు.